నూట తొమ్మిదో ఆదివారం

ఆ వారమంతా రెజీనా ఒకచోట నిలవలేదు. పొయ్యి మీద తాలింపు పెట్టి, అది మాడేదాకా వాకిట్లో నిలబడేది. ఎందుకు బయటికొచ్చానా అనుకుంటూ లోపలికి పోయి, బైబిలు తెరిచి, రెండు వచనాలు చదివి మూసేసేది.

వాళ్ళ గుడిలో రెండేళ్ళ కిందట పాస్టరు క్రీస్తుదాసు అయ్యగారు ఒక పద్ధతి పెట్టారు. వారానికొక బైబిలు కీర్తన. మొదటిదాని నుంచి వరసగా, ఒక్కటీ దాటేయకుండా సంఘమంతా పాడాలి. పాడాక, వారానికొక ఇంటివాళ్ళు లేచి ఆ కీర్తన గురించి తమకు తోచిన నాలుగు మాటలు చెప్పాలి. తోటపల్లి గూడూరు అవతల, సముద్రపు హోరు వినబడేంత దగ్గర్లో ఉంది ఆ ఊరు. వరి కోసేవాళ్ళూ, రొయ్యల గుంటల్లో మేత చల్లేవాళ్ళూ వంతులవారీగా లేచి చెబుతూనే వచ్చారు. ఈ ఆదివారం వంతు రెజీనా ఇంటిది. "నలుగురి ముందు నాకు నోరు పెగలదు, నువ్వే చెప్పు" అని భర్త టైటస్ ముందే తప్పుకున్నాడు.

వరసలో వచ్చింది నూట తొమ్మిదో కీర్తన.

సోమవారం అది చదువుతూ ఆమె మధ్యలో ఆగి, మళ్ళీ మొదటికి వచ్చింది. అందులో స్తుతి కన్నా శాపమే ఎక్కువ. తనకు అన్యాయం చేసినవాడి ఆయుష్షు తగ్గాలని, వాడి పిల్లలు అడుక్కుతినాలని దావీదు విడవకుండా తిట్టాడు. ఇంత కోపం దేవుడి పుస్తకంలో ఉందని ఆమె ఎన్నడూ గమనించలేదు. చదువుతున్నంతసేపూ కళ్ళ ముందు ఒకటే ముఖం. జకరయ్య ముఖం.

జకరయ్య సంఘ పెద్ద. గుడిలో పాట ఎత్తుకునేది ఆయనే. రెజీనా వరి కయ్యకు ఎగువన ఆయన రొయ్యల గుంటలున్నాయి. మొన్నటి వానలకు గుంట గట్టు తెగి, ఉప్పునీళ్ళు ఆమె నారుమడిలో నిలిచాయి. అడగబోతే, "వానకు తెగింది. నేను తెంచినానా తల్లీ?" అన్నాడు. గట్టు గట్టిగా వేయించమని ఆమె రెండేళ్ళుగా అడుగుతూనే ఉంది.

ఆదివారం చెప్పాల్సింది మంగళవారానికే కాగితం మీదికెక్కింది. పేరు లేకుండా, పేరు అందరికీ తెలిసేట్టు రాసుకుంది.

గురువారం ఆనందకుమారి వచ్చింది. రెజీనాకు తోడికోడలు. భర్త పోయాక, రెజీనా కయ్యకు దిగువనున్న ఎకరం ఒంటిచేత్తో సాగు చేసుకుంటోంది. ఆమె నారు మొత్తం మాడిపోయింది.

"ఈ వారం నీ వంతంట గదా" అంది గడపలో కూర్చుంటూ.

"అవునక్కా."

"గట్టిగా చెప్పు. నా కయ్యలోకి ఉప్పునీళ్ళు వదిలినోడు కూర్చోని వినాల. నాకు పాడను రాదు గానీ, ఆ పొద్దు మాత్రం పాడతా."

టీ పెడతానని రెజీనా లేచింది. చక్కెర వేసిందో లేదో గుర్తులేక రెండోసారి వేసింది.

ఉప్పునీళ్ళు వచ్చిన రోజు, మిట్టమధ్యాహ్నం, చుట్టుపక్కల ఎవరూ లేనప్పుడు, రెజీనా పార తీసుకుని తన కయ్య దిగువ గట్టు తవ్వి, నీళ్ళు పోయేట్టు మడవ తీసింది. కాలవ దాకా తవ్వే ఓపిక లేదు. నీళ్ళు పల్లానికి, ఆనందకుమారి కయ్యలోకి దిగాయి. గంట తర్వాత మడవ పూడ్చి, మట్టిని కాలితో తొక్కి ఇంటికొచ్చింది. తన నారు సగం బతికింది. దిగువన జరిగింది కూడా జకరయ్య పుణ్యమే అనుకున్నారు ఊళ్ళో అందరూ. ఆయన గుంట నీళ్ళే కదా, అబద్ధమేముంది అని రెజీనా సర్దిచెప్పుకుంది. టైటస్‌తో కూడా అనలేదు.

శనివారం అయ్యగారి ఇంటికి పోయింది.

"అయ్యగారూ, ఈ వారం ఇంకెవరినన్నా చెప్పమనండి. అందులో అన్నీ శాపాలే ఉండాయి."

"ఉండాయమ్మా. మనుషుల మీదికి పోకుండా దావీదు దేవుడి దగ్గర అరిచినాడు. నాకు తెలిసింది అంతే. మిగతాది నువ్వే చెప్పాల" అన్నారాయన.

ఆదివారం జకరయ్య తెల్లచొక్కా వేసుకుని ముందు నిలబడి పాట ఎత్తుకున్నాడు. మంచి ఊపున్న రాగం కట్టాడు. డోలక్ అందుకుంది, జనం చప్పట్లు కలిపారు. ఎవరికి ఎవరు గుర్తొస్తున్నారో, అందరి గొంతులూ ఎప్పటికన్నా పెద్దగా ఉన్నాయి. శాపం వాడి కడుపులోకి నీళ్ళలా, ఎముకల్లోకి నూనెలా దిగాలనే చోటికి వచ్చింది పాట. జకరయ్య గొంతు తొణకలేదు. తన సంగతి ఆయనకు తట్టలేదో, తట్టినా అలవాటు మీద పాడుతున్నాడో రెజీనాకు తెలియలేదు. ఆమె చెవులు వెనక చాప వైపే ఉన్నాయి. అక్కడ ఆనందకుమారి శ్రుతి లేకుండా, కళ్ళు మూసుకుని, నరాలు తేలేట్టు పాడుతోంది.

పాట అయిపోయింది. రెజీనా లేచింది. కాగితం విప్పింది గానీ అందులోది చదవలేకపోయింది.

"ఉప్పునీళ్ళు ఎగువనించి నా కయ్యలోకి వచ్చినాయి. అది మీకందరికీ తెలుసు. నా కయ్యలోనించి అక్క కయ్యలోకి అయ్యంతట అయ్యి పోలేదు. నేనే మడవ తీసినాను. ఈ శాపం ఎవరిదో వారమంతా నాకు తెలుసనుకున్నాను. ఇప్పుడు తెలీడం లేదు."

కూర్చుంది. అయ్యగారు "ప్రార్థన చేద్దాం" అన్నారు. అది మొదలయ్యేలోపే ఆనందకుమారి బైబిలు సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయింది.

చెప్పుల దగ్గర జకరయ్య ఆపాడు. "గుడిలో చెప్పే మాటలా అమ్మా అయ్యి? ఇంటికాడ మాట్లాడుకునేటియి."

"ఇంటికొస్తే మీరు వినలేదు గదన్నా."

ఇల్లు చేరాక టైటస్, "నాకన్నా చెప్పకూడదా" అన్నాడు.

మూడు రోజులు గడిచాయి. రెజీనా ఎన్నిసార్లో తోడికోడలి వీధి మొదలు దాకా పోయి తిరిగొచ్చింది. బుధవారం ఆనందకుమారే వచ్చింది. ఈసారి లోపలికి రాలేదు.

"పది గంటల బస్సుకు మండలాఫీసుకు పోయి అర్జీ ఇద్దాం. ఇద్దరి సంతకాలుంటే ఆ గట్టు సంగతి తేలుతాది."

"అక్కా, నేను చేసిందానికి..."

"అది వేరే. దాని గురించి ఇప్పుడు నన్నడగబాక."

ఇద్దరూ పోయి అర్జీ ఇచ్చారు. అధికారి వచ్చి చూశాక జకరయ్య గట్టు ఎత్తు పెంచి మట్టి కొట్టించాడు. తర్వాతి వానలకు కయ్యల్లోని ఉప్పు కొంత కొట్టుకుపోయింది. రెజీనా తన నారులో సగం పీకి కట్టలు కట్టి ఇస్తే, ఆనందకుమారి కాదనలేదు. ఆలస్యంగా నాటడంతో ఇద్దరికీ పంట అంతంతమాత్రమే వచ్చింది.

ఇప్పుడు కోతకూలీల గురించి, వాన గురించి మాట్లాడుకుంటారు. ఆ ఒక్క సంగతి మాత్రం ఆనందకుమారి ఎత్తలేదు. ఆమె ఎదురుపడ్డప్పుడల్లా ఈరోజు ఎత్తుతుందేమోనని రెజీనా చీరకొంగు వేలికి చుట్టుకుంటూ నిలబడుతుంది.