బంధువులు లేరని సంతకం

మా బావ, అంటే అక్క భర్త, క్వాక్ సియులామ్ హాంకాంగ్ ప్రభుత్వ ఖజానాలో గుమాస్తా. మా ఊరు కాంటన్ జపాన్ వాళ్ల చేతికి పోయాక అమ్మ, నేను, పిన్ని, పిన్ని పిల్లలు నలుగురు హాంకాంగ్‌లో వాంచాయ్ పేటలో ఆయన రెండు గదుల్లోకి దిగాం. ఈ సంగతి జరిగేనాటికి పద్నాలుగు నెలలైంది.

ఆఫీసులో బావ పని దొరల నివేదికలకు శుద్ధప్రతి రాయడం. ఫిరంగులకింత, సైన్యం ఖర్చు కింద లండన్‌కి పంపాల్సిందింత, శరణార్థుల అన్నానికింత. పగలు రాసినవి సాయంత్రం అన్నం దగ్గర ఆయన నోట వచ్చేవి.

"శరణార్థుల భారం ఈ రాజ్యం మోయగలిగిన హద్దు దాటింది," అన్నాడొకరోజు, చేప బుగ్గ మీది మెత్తటి ముక్క వైపు తినే పుల్లలు చాస్తూ. అమ్మ అప్పటికే దాన్ని తీసి పిన్ని కొడుకు గిన్నెలో వేసింది.

"ఏ రాజ్యం అల్లుడూ, ఇదేనా?" అని గదంతా ఓసారి చూసింది.

ఆదివారం మమ్మల్ని సరిహద్దు దగ్గరి శిబిరంలో చేర్చేస్తానన్నాడు బావ. ఆ పూట అక్క ఆయన గిన్నెలో అన్నం వెయ్యలేదు.

ఆ నెల శిబిరంలో విరేచనాల జబ్బు తిరుగుతోంది. అమ్మ రైల్లో దారి పొడుగునా పిల్లల చేతులు వదల్లేదు. నేనూ పిన్నీ ఏడు మూటలు మోశాం.

శిబిరంలో చేరాలంటే, ఈ ఊళ్లో వీళ్లకి బంధువులెవరూ లేరని పరువున్న మనిషొకరు సంతకం పెట్టాలి. బావ కలం తీశాడు. బల్ల వెనక కాగితాలు తీసుకుంటున్నది మా కింది వాటా ఫుంగ్ గారు. ఆదివారాలు ఆయన అక్కడ సేవ చేస్తాడని మాకు తెలీదు. తన అత్తగారికి కాంటన్‌లో మూడు పట్టుబట్టల కొట్లున్నాయి, గాలి మార్పు కోసం వచ్చారని బావ ఆయనకి ఎప్పుడో చెప్పి ఉన్నాడు.

"క్వాక్ గారూ! అత్తగారిని షికారుకి తీసుకొచ్చారా? మరి ఈ మూటలేంటండీ?"

బావ కలానికి మూత పెట్టాడు.

"పాత బట్టలండీ. పాపం, ఇక్కడి వాళ్లకి ఇచ్చిపోదామని."

"ఎంత పెద్ద మనసండీ!"

ఆ పెద్ద మనసుకి అక్కడున్నవాళ్లు చప్పట్లు కూడా కొట్టారు. ఏడు మూటలూ అక్కడే దించి, ఏడుగురం తిరిగి రైలెక్కాం.

"నా దూది కోటు అందులోనే పోయింది అల్లుడూ," అంది అమ్మ.

"నాది వేసుకోండి అత్తయ్యా," అన్నాడు బావ, కిటికీ వైపు చూస్తూ.

ఆ చలికాలమంతా అమ్మ బావ ఆఫీసు కోటులోనే మెట్లు దిగింది. మగవాళ్ల కోటేంటండీ అని ఫుంగ్ గారు అడిగితే, కాంటన్‌లో పట్టుబట్టల కొట్లున్న ఆడవాళ్లంతా ఇప్పుడివే వేస్తున్నారని చెప్పింది.