ఎడమ పక్క జోలికి పోవద్దు

ఓడిపోవడంలో నెవిల్ పార్జెటర్‌ని మించినవాడు ఇంగ్లండులోని డడ్లీలోనే కాదు, చుట్టుపక్కల ఏ ఊళ్ళోనూ లేడు. అతను ఓడిన బాక్సింగు పందేలన్నీ మనుషులైతే వాళ్ళకోసం ఒక రైలు వేయాలనీ, గెలిచినవాటికి ఒక సైకిలు చాలనీ పబ్బుల్లో చెప్పుకునేవాళ్ళు. ముక్కు ఎన్నిసార్లు విరిగిందంటే, ఎదురుగా చేపలు వేగుతుంటే అతనికి పక్క వీధి వాసన వచ్చేది. చెవులు రెండూ చలికి ముడుచుకున్న పుట్టగొడుగుల్లా ఉండేవి.

ఇంత జరిగినా ఒక్కటి మాత్రం జరగలేదు. పద్దెనిమిదేళ్ళ బాక్సింగులో నెవిల్ ఓడిందంతా పాయింట్ల మీదే, ఎన్నడూ రిఫరీ పది లెక్కించేదాకా నేలమీద ఉండలేదు. జారి పడ్డాడు, తోస్తే పడ్డాడు, ఒకసారి రింగు పలక విరిగి నడుందాకా కిందికి దిగిపోయాడు. అప్పుడు కూడా ఆ కన్నంలో నిలబడే రెండు రౌండ్లు ఆడాడని అంటారు. "నన్ను ఓడించనివాడు లేడు, పడుకోబెట్టినవాడూ లేడు" అని చెప్పుకునేవాడు నెవిల్. భార్య, కొలువు, ముందు పళ్ళు, అన్నీ పోయాక అతనికి తనదని చెప్పుకోవడానికి మిగిలింది అదొక్కటే.

ఆ పనిలో పద్ధతి అందరికీ తెలిసిందే. స్థానిక కుర్రాడు టికెట్లు అమ్ముతాడు. వాళ్ళ మామలు, అత్తలు, వాడితో పనిచేసేవాళ్ళు కొంటారు. టికెట్లు అమ్మినవాడు గెలవాలి. వాడు ఓడితే రెండోసారి ఎవరూ కొనరు. కాబట్టి ఓడిపోవడానికి బయటూరి నుంచి ఒకణ్ణి పిలుస్తారు. వాడు మరీ తొందరగా పడకూడదు, మరీ గట్టిగా కొట్టకూడదు, కుర్రాడికి నాలుగు రౌండ్లు పాఠం చెప్పి, దండం పెట్టి పోవాలి. నెవిల్ కూడా చిన్నప్పుడు టికెట్లు అమ్మబోయాడు. సొంత తమ్ముడే కొనలేదు. ఆ మర్నాటి నుంచి అతను బయటూరివాడు అయిపోయాడు.

ఆ ఆదివారం మధ్యాహ్నం పందెం దక్షిణాన సముద్రపు ఒడ్డునున్న ఫోక్‌స్టన్‌లో. వ్యాను తోలింది ఈనాక్ టిల్లీ. నెవిల్ తండ్రికి స్నేహితుడు, డెబ్బై దాటినవాడు, రౌండుకీ రౌండుకీ మధ్య నీళ్ళు పట్టేదీ అతనే. హాల్లో స్థానికుల గదికి అద్దాలు, సోఫాలు ఉన్నాయి. బయటూరి వాళ్ళకి మరుగుదొడ్ల పక్కన తుడుపుగుడ్డలు దాచే కొట్టు ఇచ్చారు. బల్లకి ఎవడిదో వాడేసిన పుండు పట్టీ అతుక్కుని ఉంది. గోడ అవతల ఎవరో నీళ్ళు వదిలినప్పుడల్లా ఇవతల పైపు గుటకలు వేసేది.

"ఈ పట్టీ కిందటిసారి కూడా ఇక్కడే ఉంది" అన్నాడు నెవిల్.

"దాన్ని కదపకురా. బల్లని పట్టుకుని ఉంది అదే" అన్నాడు ఈనాక్, వేయించిన పంది తొక్కలు నములుతూ.

అప్పుడు తలుపు తోసుకుని మిక్ హాగ్‌బెన్ వచ్చాడు. నెవిల్‌తో ఆడబోయే కుర్రాడు బ్రాడ్లీ గ్యాంబ్రిల్‌కి గురువు. పరంజాలు కట్టే కుర్రాడు బ్రాడ్లీ, ఇరవై దాటి ఎన్నాళ్ళో కాలేదు, ఇంతవరకు ఓడలేదు.

"బావున్నావా నెవిల్ అన్నా? మీ ఆవిడ బాగుందా?"

"నన్నొదిలేసి వెళ్ళింది. చాలా బాగుంది."

హాగ్‌బెన్ నవ్వి, తలుపు మూసి, గొంతు తగ్గించాడు. నెవిల్‌కి ఆ గొంతు తెలుసు. ఈ పనిలో అదొక ఆనవాయితీ. కుర్రాడికి కంటిపైన పాత గాటో, బెణికిన బొటనవేలో ఉంటే, వాడి గురువే వచ్చి బయటూరివాడి చెవిలో వేస్తాడు. ఆ చోట కొట్టొద్దని. ఎదుటివాడికే తన గుట్టు అప్పజెప్పడం బయటివాళ్ళకి వింతగా ఉంటుందేమో గానీ, నెవిల్ అలాంటి మాటలు ఎన్ని మోశాడో లెక్కలేదు. ఒక్కటీ బయటికి పోలేదు.

"మావాడి ఎడమ పక్క జోలికి పోవద్దు" అన్నాడు హాగ్‌బెన్. "పక్కటెముక. సాధనలో తగిలింది. విరగలేదు. పెద్దగా విరగలేదు."

ఈనాక్ నమలడం ఆపాడు. "మా ఆవిడ టీ కూజా కూడా పెద్దగా విరగలేదయ్యా. పోసిన టీ మాత్రం ఒళ్ళోకి వస్తుంది."

"డాక్టరు చూళ్ళేదా?" అన్నాడు నెవిల్.

"చూశాడు. మావాడు దమ్ము బిగబట్టి నిలబడ్డాడు. కానిచ్చేశాం."

"వాళ్ళమ్మకి తెలుసా?"

"తెలిస్తే రానిస్తుందా? చూడన్నా, హాలంతా వాడి టికెట్లే. సగం ఊరు కూర్చునుంది. ఇప్పుడాపితే నిర్వాహకుడు క్వెస్టెడ్ నన్ను సముద్రంలో పడేస్తాడు. నువ్వు కాబట్టి చెప్తున్నా. ఇంకోడైతే నాకు భయం. నీ చేతుల్లో పిల్లాడు పరుపు మీద ఉన్నట్టే."

పైపు గుటక వేసింది. నెవిల్ ఎప్పుడూ అనే మాటే అన్నాడు.

"సరేలే."

హాగ్‌బెన్ వెళ్ళాక ఈనాక్ అన్నాడు: "సరేలే ఏంట్రా? సరే అనకపోతే నీ సొమ్మేం పోయేది?"

"నేను కాదంటే ఇంకోణ్ణి తెస్తారు బాబాయ్. వాడికి చెప్తారో చెప్పరో."

రింగు చుట్టూ కుర్రాడి బొమ్మ అచ్చేసిన చొక్కాలే. పెద్ద పొట్టల మీద బ్రాడ్లీ మొహం సాగిపోయి నవ్వుతోంది, చిన్న పొట్టల మీద ముడతలు పడి ఏడుస్తోంది. నెవిల్ తాళ్ళ మధ్యనుంచి దూరగానే ఎవడో బీరు విసిరాడు. అందులో సగం నెవిల్ చెవిలో పడింది. బీరు కూడా చల్లగా లేదు.

మొదటి రౌండులో నెవిల్ కొట్టిన దెబ్బలన్నీ కుర్రాడి కుడివైపు గాలికే తగిలాయి. ఆ గాలికి ప్రాణముంటే అక్కడికక్కడే చచ్చేది. భుజాల మీద తట్టాడు, గ్లౌజుల మీద తట్టాడు. రిఫరీ దగ్గరికొచ్చాడు.

"నెవిల్, ఈగలు తోలుకుంటున్నావా? కొట్టు. లేకపోతే బయటికి పంపిస్తా."

బ్రాడ్లీ మాత్రం హుషారుగా ఉన్నాడు. "ఏం తాతా, పింఛను పుస్తకం తెచ్చుకున్నావా?"

"మాట్లాడకు. ఊపిరి దాచుకో" అన్నాడు నెవిల్, వాణ్ణి వాటేసుకుని.

రెండో రౌండులో కుర్రాడు కుడిచేతి దెబ్బ ఒకటి బలంగా విసిరాడు. ఆ దెబ్బ నెవిల్‌కి తగల్లేదు, విసిరినవాడికే తగిలింది. నడుము తిరగ్గానే వాడి మొహం చల్లారిన గంజిలా అయిపోయింది. పెదాల చుట్టూ నీలం. ముక్కులోంచి సన్నగా ఈల. నెవిల్ మళ్ళీ వాటేసుకున్నాడు.

"నెప్పిగా ఉందా?"

"నోర్ముయ్."

నెవిల్ వాణ్ణి మెల్లగా ఒక చుట్టు తిప్పాడు. దూరంగా చూసేవాళ్ళకి అది కుస్తీలా కనపడింది.

"కొంచెం" అన్నాడు కుర్రాడు, అతని భుజంలోకి.

"మీ మూలలో గురువుకి చెప్పు."

"చెప్పా. ఇంకెంతసేపులే, ఓర్చుకో అన్నాడు."

గంట మోగింది. నెవిల్ తన మూలలో కూర్చుంటే ఈనాక్ మొహానికి నీళ్ళు కొట్టాడు.

"ఎముక లోపల ఆడుతోంది బాబాయ్. ఊపిరి అందట్లేదు వాడికి."

"రిఫరీతో చెప్పు."

"చెప్తే రేపట్నుంచి ఏ గురువూ నాతో గుట్టు చెప్పడు. అప్పుడు ఎవడికెక్కడ దెబ్బుందో తెలీక నేనే కొడతా."

"అయితే గడ్డం మీద ఒకటిచ్చి పడేయ్."

"నా దెబ్బకి పడినవాడు ఎవడున్నాడు?"

ఒకప్పుడు నెవిల్ గుద్దితే కిటికీ అద్దం కూడా పగలక, ఇంటావిడ లోపల్నుంచి "ఎవరూ?" అని అడిగిందని ఈనాకే అందరికీ చెప్పేవాడు.

"ఇంకోటుంది" అన్నాడు నెవిల్.

ఈనాక్ చేతిలో తడిగుడ్డ ఆగిపోయింది. "వద్దురా."

"తొందరగా అయిపోతుంది. వాడు తిన్నగా ఇంటికి పోతాడు."

"నీకున్నది అదొక్కటే కదరా అబ్బాయ్. పడిపోతావనుకుంటే ఇన్నేళ్ళు నేను నీ బక్కెట్టు మోసేవాణ్ణా?"

నెవిల్ నోట్లో నీళ్ళు బక్కెట్లో ఉమ్మాడు. బక్కెట్లోంచి బక్కెట్టు వాసనే వచ్చింది. లేచాడు.

మూడో రౌండులో మంచి దెబ్బ ఒకటి వస్తే పడదామని చూశాడు. రాలేదు. కుర్రాడి చేతులు నానిన రొట్టెల్లా వస్తున్నాయి. చివరికి సబ్బునురగ బుడగ కూడా పగలనంత దెబ్బ ఒకటి నెవిల్ దవడని రాసుకుంటూ పోయింది. ఇంతకన్నా మంచిది రాదని నెవిల్ పడ్డాడు.

చెంప కింద రింగులో పరిచిన గుడ్డ తడిగా ఉంది. ఇంతకాలం ఆ గుడ్డ మీద నడిచాడు గానీ ఇంత దగ్గర్నుంచి ఎప్పుడూ చూడలేదు. ఎండిన నెత్తురు, తొక్కేసిన బీరు, ముక్కుల్లోంచి కారినవి, ఎవడి నోట్లోంచో ఊడిన పంటి ముక్క. ఇన్నాళ్ళు తను అన్నం తిన్న పళ్ళెం ఇదన్నమాట అనుకున్నాడు. రిఫరీ లెక్కపెడుతున్నాడు. ఏడు దగ్గర అతని మోకాళ్ళు వాటంతటవే లేవబోయాయి. వాటికేం తెలుసు, అలవాటు. నెవిల్ బలవంతంగా అణిచిపెట్టాడు. ఎనిమిది. తొమ్మిది. మోకాళ్ళు రెండూ కోపం వచ్చిన గుర్రప్పిల్లల్లా కొట్టుకున్నాయి.

పది.

హాలు పైకప్పు లేచిపోయి సముద్రంలో పడినంత చప్పుడైంది. సగంమంది బ్రాడ్లీ పేరు అరిచారు, ఆ దెబ్బని దగ్గర్నుంచి చూసిన మిగతావాళ్ళు నెవిల్‌ని తిట్టారు. రిఫరీ వంగి చెవి దగ్గర అన్నాడు:

"సిగ్గులేదూ? నీ వయసుకి."

మామలు నలుగురు రింగెక్కి కుర్రాణ్ణి ఎత్తబోతే, హాగ్‌బెన్ కోడిపిల్లల్ని కాచే పెట్టలా చేతులు చాపి తరిమాడు. ఎత్తకండి, ఎత్తకండి అని ఎందుకు బతిమాలుతున్నాడో ఎవరికీ అర్థం కాలేదు.

కొట్టులోకి వచ్చాక ఈనాక్ పంది తొక్కల పొట్లం మడిచి జేబులో పెట్టుకుని గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. అంతలో తలుపు తెరుచుకుని నిర్వాహకుడు క్వెస్టెడ్ వచ్చాడు. సువాసన నూనె, ఉంగరాలు, నవ్వు. వెనకాల బ్రాడ్లీ, వాడి తల్లి షెరిల్, చివర హాగ్‌బెన్.

"ఏడీ మన వీరుడు?" అన్నాడు క్వెస్టెడ్. "ఒక్క ఫొటో నెవిల్. నెవిల్ పార్జెటర్‌ని పడుకోబెట్టిన మొట్టమొదటివాడు. గోడలనిండా ఇదే అతికిస్తా. మూడు వారాల్లో ఛాంపియన్ బెల్టు పందెం పెడుతున్నా. గ్లాస్గో నుంచి వస్తున్నాడొకడు, రాళ్ళు తినేవాడు."

నెవిల్ హాగ్‌బెన్ వైపు చూశాడు. "మూడు వారాలా?"

"అప్పుడే టికెట్లు అడుగుతున్నారు" అన్నాడు హాగ్‌బెన్, నేలకేసి చూస్తూ.

"ఆ గ్లాస్గోవాడికి కూడా చెప్తావా? నాకు చెప్పినట్టు?"

"బెల్టుకోసం వచ్చేవాడికి ఎలా చెప్తానన్నా? అక్కడే కొడతాడు."

"ఏంటి చెప్పేది?" అంది షెరిల్. ఆవిడ చొక్కా మీద కూడా కొడుకు బొమ్మే ఉంది.

"ఏం లేదమ్మా, ఆట మాటలు" అన్నాడు క్వెస్టెడ్. "దగ్గరగా నిలబడండి. నెవిల్, చెయ్యి వెయ్యి. కొంచెం దెబ్బతిన్నట్టు మొహం పెట్టు."

మొహం పెట్టాల్సిన అవసరం లేకపోయింది. నెవిల్‌కి ఆ గదిలో ఉన్నదంతా రోతగా ఉంది: ఆ ఉంగరాలు, ఆ సువాసన నూనె, నేలకేసి చూస్తున్న హాగ్‌బెన్, వీళ్ళందరికీ ఇన్నేళ్ళు సరేలే సరేలే అన్న తన నోరు. కుర్రాడి చుట్టూ చెయ్యి వేశాడు. ఎడమ పక్క. రెండు వేళ్ళు మెత్తగా ఆనించి, గట్టిగా నొక్కాడు.

బ్రాడ్లీ కేక ఆ హాలంతా వినపడింది. ఫ్రాన్సుదాకా వినపడిందని ఈనాక్ ఇప్పటికీ అంటాడు. కుర్రాడు మోకాళ్ళమీద కూలబడ్డాడు. షెరిల్ వాడి చొక్కా పైకి లాగింది. కొడుకు పక్కంతా అన్నం పళ్ళెమంత వెడల్పున కమిలి, వంకాయ రంగులో, అంచుల్లో పసుపు తిరిగి ఉంది.

"ఇది ఇవాళ్టిది కాదు" అంది ఆవిడ. గొంతు చాలా మెల్లగా ఉంది. "మిక్, ఇది ఇవాళ్టిది కాదు."

హాగ్‌బెన్ వెనక్కి ఒక అడుగు వేశాడు.

క్వెస్టెడ్ నవ్వు మొహం మీదే మిగిలిపోయింది. నెవిల్ చెవిలో అన్నాడు: "నీ ఫోను ఇక మోగదు. పాతిపెట్టేసుకో దాన్ని."

షెరిల్ అంబులెన్సుకి ఫోను చేసింది, కొడుకు తల ఒళ్ళో పెట్టుకుంది, అప్పుడు తలెత్తి చూసింది.

"నీకూ తెలుసా?"

"తెలుసు" అన్నాడు నెవిల్.

"రింగెక్కకముందే?"

"ఎక్కకముందే."

"తెలిసి ఎక్కావు."

"అమ్మా, అసలు వీడు నీ కొడుకు కోసమే కదా..." అని ఈనాక్ మొదలుపెట్టాడు. నెవిల్ అతని మోచెయ్యి పట్టుకుని ఆపాడు. ఆవిడ నెవిల్‌ని బల్లకి అతుక్కున్న ఆ పుండు పట్టీని చూసినట్టు చూసింది. అందులో తప్పుపట్టడానికి అతనికేమీ దొరకలేదు.

"చూస్తావేం, ఆ తలుపు పట్టుకో" అంది.

పట్టుకున్నాడు. అంబులెన్సు మంచం తెచ్చినవాళ్ళు కుర్రాణ్ణి మెల్లగా పడుకోబెట్టి తీసుకెళ్తుంటే, గుమ్మం దగ్గర బ్రాడ్లీ నెవిల్ చెయ్యి అందుకున్నాడు.

"నేను పడగొట్టాగా నిన్ను?"

"లేదు నాయనా. నీ దెబ్బకి దోమ కూడా చావదు. నేనే పడ్డా. పరంజాలు కట్టుకో, చక్కగా బతుకు. బెల్టు దగ్గరికి పోకు."

కుర్రాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నెప్పికో, మాటకో.

"అబద్ధం" అన్నాడు. "అందరూ చూశారు. పది లెక్కపెట్టారు."