బల్ల మీద మిగిలిన వాషర్

రెగ్యులేటర్ ముల్లు సున్నా మీద చచ్చి పడుంది. గార్త్ దాన్ని వేలితో కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. కదిలితే గదా!

"ఓరి దేవుడో, కొంప ముంచాను" అంటూ పానా పెట్టి నట్టు విప్పాడు. బీరుకి నురగ గ్యాస్ పట్టించే చిన్న బండకీ రెగ్యులేటర్‌కీ మధ్య ఉండాల్సిన వాషర్ లేదు. ఎక్కడుందయ్యా అంటే, బల్ల మీద, పోయిన ఆదివారం అతను తాగి పెట్టిన టీ కప్పు పక్కన చక్కగా కూర్చునుంది.

రివర్టన్ ఊళ్ళో ఇంట్లో బీరు కాచుకునేవాళ్ళలో ఈ తప్పు చెయ్యని మొనగాడు లేడు. చేస్తారు, బిగింపుకి సబ్బు నురగ రాస్తారు, బుడగలొస్తే నాలుక్కరుచుకుని మళ్ళీ బిగిస్తారు. గార్త్ ఆ నురగా రాయలేదు. ఆ రోజు కళ్ళనిండా నీళ్ళు, ఇంకేం కనిపిస్తుంది? వారమంతా గ్యాస్ సన్నగా కారిపోయింది.

బీరు అతనిది కాదు, డౌగల్‌ది. పెళ్ళిళ్ళు కాకముందు నుంచీ ఇద్దరూ అతని ఇంటి వెనకున్న ఈ షెడ్డులోనే కాచారు, తాగారు, తిట్టుకున్నారు. ఇప్పుడు డౌగల్ చివరి రోజులవాళ్ళుండే ఆసుపత్రిలో ఉన్నాడు. అందులోకి వెళ్ళేముందు స్టూలు మీద కూర్చుని ఈ ఒక్క పీపా కాచి, మూత బిగించాడు. ఈ మధ్యాహ్నం అతన్ని ఇంటికి పంపుతున్నారు. మళ్ళీ పంపరు. "నా షెడ్డులో నా బీరు ఒక్క గ్లాసురా, ఆ తర్వాత ఏమైనా కానీ" అన్నాడు. గ్యాస్ పెట్టే పని గార్త్‌కి అప్పజెప్పాడు.

ఇవాళా ఆదివారమే, గ్యాస్ కొట్టువాడు తెరవడు. పబ్బువాడు పాపం బండ ఇస్తానన్నాడు గానీ దాని మర వేరు, ఈ రెగ్యులేటర్‌కి ఎక్కదు. ఇంకో స్నేహితుడు యూవన్‌కి ఫోన్ చేస్తే, అతగాడు ఏ కొండల వెనక చేపలు పడుతున్నాడో, మోగి మోగి ఆగిపోయింది.

ఫ్రిజ్‌లో కొన్న బీరు సీసాలున్నాయి. గార్త్ ఒకటి చేతిలోకి తీసుకున్నాడు. జగ్గులో పోసి ఇదే నీ బీరంటే? డౌగల్ వాసనకే పట్టేస్తాడు. పట్టకపోతే? చావబోయేవాణ్ణి మోసం చేసిన పాపం ఏ గంగలో కడుక్కోవాలి? ఛీ అనుకుని సీసా లోపల పెట్టేశాడు. బయట కారు ఆగింది.

డౌగల్ భార్య షోనా చక్రాల కుర్చీ తోసుకుంటూ వచ్చింది. డౌగల్ ఒళ్ళో చీజ్ రోల్స్ పళ్ళెం ఉంది. మనిషి కోటు లోపల ఎక్కడో ఉన్నాడు.

"ఏరా, మొహం అలా పెట్టావేం? పోయేది నువ్వా నేనా?" అన్నాడు డౌగల్.

"వాషర్ వెయ్యలేదురా" అన్నాడు గార్త్. "గ్యాసంతా పోయింది. బీరుకి ఏమీ పట్టి ఉండదు. నీ చివరి పీపా నాశనం చేశాను."

"ఒక్క పని చెప్పాడు నీకు, గార్త్! ఒక్కటంటే ఒక్కటి!" అంది షోనా. గోడవైపు తిరిగింది. గార్త్‌కి భూమి చీలి తనని మింగేస్తే బాగుండుననిపించింది.

డౌగల్ దగ్గాడు. దగ్గులోంచి నవ్వు బయటపడింది. "కొళాయి తిప్పు."

"తిప్పితే ఏమొస్తుంది, కుడితినీళ్ళు?"

"తిప్పరా బాబూ!"

గార్త్ తిప్పాడు. బీరు బుస్సుమని దూకింది. గ్లాసు నిండి, నురగ పొంగి, అతని బూట్లన్నీ తడిసిపోయాయి.

"చక్కెర వేసి మూత బిగించాన్రా" అన్నాడు డౌగల్. "పీపాలోనే ఇంకోసారి పులిసి గ్యాస్ పుట్టింది. మా తాతకి బండలెక్కడివి?"

"మరి నన్నెందుకు గ్యాస్ పెట్టమన్నావు?"

"చివర్లో బీరుని బయటికి తొయ్యడానికి కావాలిగా. అయినా, పనేమీ లేకపోతే నా మంచం పక్కన కూర్చుని ఏడుస్తున్నావు. చూళ్ళేకపోయాన్రా."

గార్త్ గ్లాసు అందించాడు. డౌగల్ రెండు చేతులతో పట్టుకుని ఒక గుక్క తాగాడు, కళ్ళు మూసుకున్నాడు, ఇంకో గుక్క తాగాడు. మీసానికి నురగంటింది. "గ్లాసు వంచి పొయ్యడం ఇంకా రాలేదు నీకు" అన్నాడు.

షోనాకొకటి పోశాడు. తనకి పోసుకుంటుంటే ధార సన్నబడి, చుక్కలై, ఆగిపోయింది. పీపా కదిపి చూస్తే ఇంకా బరువుగానే ఉంది.

"అది నన్ను పాతిపెట్టిన రోజుకి" అన్నాడు డౌగల్. "అందరికీ నువ్వే పొయ్యాలి."

డౌగల్ బల్ల మీది వాషర్ తీసి గార్త్ అరచేతిలో పెట్టి, అతని వేళ్ళు ఒక్కొక్కటే మూశాడు.

"ఈసారి వేస్తావుగా?"

"వేస్తాన్రా."

"సబ్బు నురగ?"

"రాస్తాన్రా" అంటూ గార్త్ భోరుమన్నాడు.