మూడో మలుపులో ఆగిపోయిన ఇల్లు

కలపమిల్లులో నాలుగింటికి పని దిగి సైలా ఇల్లు చేరేసరికి నాలుగున్నర అయ్యేది. బూట్లు గడప దగ్గర విడిచి, అమ్మమ్మ పోసిన కాఫీ నిలబడి రెండు గుక్కల్లో మింగేసి, తన గదిలో కంప్యూటర్ ముందు కూర్చునేది. బల్లకు బిగించిన స్టీరింగు, కాళ్ల దగ్గర మూడు పెడళ్లు, పాత కారులోంచి ఊడదీసిన సీటు. ఆమె కూర్చున్న చప్పుడు వినగానే వంటింట్లో అమ్మమ్మ హిల్యా పాలగిన్నె మీద మూత పెట్టేది. పక్కింటి కౌకో కాఫీకి వచ్చి ఉంటే కప్పు బల్ల మీంచి తీసి చేత్తో పట్టుకునేవాడు. ఎందుకంటే తెర మీద సైలా కారు మలుపు తిరిగితే ఇల్లు కూడా వాలేది. ఒక మలుపుకు సరస్సు వైపు, ఇంకో మలుపుకు కట్టెల కొట్టం వైపు. అందుకే ఆ ఇంట్లో కప్పులన్నీ కొక్కేలకు వేలాడేవి, అల్మరా అరలకు చెక్కపట్టీలు కొట్టి ఉండేవి. సవో ప్రాంతంలోని ఆ ఊళ్లో ఒకరింట్లో ఎలుకలుంటాయి, ఒకరింటి కప్పు కారుతుంది, వీళ్లిల్లు వాలుతుంది. అంతే.

ఒట్సో ఆడితే మాత్రం ఇల్లు కదిలేది కాదు. సైలాకి తమ్ముడు, టైర్ల కొట్లో పని. ముందుగదిలో సోఫా మీద అడ్డంగా పడి, టీవీకి తగిలించిన కన్సోల్ మీద ఆడేవాడు. అతని కార్లకు బ్రేకు ఉందో లేదో అతనికే తెలీదు. నీలిమంట చిమ్ముకుంటూ కొండ మీంచి సముద్రంలోకి దూకేవి, మూడు లెక్కపెట్టేలోపు తడి అంటకుండా మళ్లీ రోడ్డెక్కేవి. వెనకబడ్డవాడికి ఆటే కాస్త ఊపు ఇచ్చి ముందుకు తోస్తుంది. సైలా ఆటలో అలాంటి దయాదాక్షిణ్యాలు లేవు. టైరు ఎంత వేడెక్కింది, ట్యాంకులో ఎంత బరువుంది, మంచు ఎంత గట్టిది, అన్నీ లెక్కలోకి వస్తాయి. ఒక్క పందేనికి ముందు పావుగంటసేపు ఆ అంకెలు దిద్దుకోవాలి.

"నీది ఆట కాదక్కా, రెండో ఉద్యోగం. జీతం లేనిది," అనేవాడు ఒట్సో.

"నీది కారు కాదురా, సబ్బుముక్క. ఎటు తోస్తే అటు పోతుంది."

"సబ్బే నయం. నీ కారుకి పుల్ల తగిలితే అలక."

"ఏది నిజం బండో ఇల్లే చెప్తోందిగా."

"ఇల్లు ముసలిదక్కా. దానికి కొత్త సరదాలు తెలీవు."

అమ్మమ్మకు ఈ తగువుతో పని లేదు. ఆమె ఫిర్యాదు ఇంకొకటి. ఆటలో గోరంత తప్పు జరిగినా సైలా ఎడమ బొటనవేలు స్టీరింగు మీదున్న చిన్న మీటను నొక్కేది. నొక్కగానే పందెం మళ్లీ మొదటి గీత నుంచి మొదలవుతుంది. దాంతోపాటు వాలి ఉన్న ఇల్లు చటుక్కున నిటారవుతుంది. రోజుకు నలభైసార్లు.

"వాలితే ఓర్చుకుంటానమ్మాయ్, మెల్లగా వాలి మెల్లగా లేస్తుంది కాబట్టి. నీ కుదుపుకి మాత్రం నా రొట్టెపిండి పొంగింది పొంగినట్టు కూలిపోతోంది," అనేది హిల్యా.

పిండి సంగతి అలా ఉంచితే, ఆ బొటనవేలు సైలానే ముంచింది. చలికాలంలో సరస్సు గడ్డకట్టాక దాని మీద మంచు తవ్వి పందెం దారి వేస్తారు, రెండు పక్కలా నడుమెత్తు మంచుగట్లు ఉంటాయి. జనవరిలో ఒకసారి, ఫిబ్రవరిలో ఒకసారి కౌకో ఎర్రకారు తీసుకుని సైలా అక్కడ పోటీకి దిగింది. రెండుసార్లూ ఒకటే కథ. కారు జారగానే చేయి స్టీరింగు తిప్పలేదు. బొటనవేలు లేని మీటను వెతుక్కుంది. వెతుక్కున్నది అర క్షణమే. ఆ అర క్షణంలో కారు మూతి గట్టులో దిగబడింది.

రెండోసారి కారును తాడేసి లాగుతుంటే రౌహా పెన్నానెన్ దగ్గరికొచ్చి నిలబడింది. పట్నంలో ఆమెకు ర్యాలీ కార్ల పందేల జట్టు ఉంది. వేసవికి రెండో కారు నడిపే మనిషి కావాలి. కంప్యూటర్ పందేల పట్టికలో పైనున్న పేరు చూసి సైలాను వెతుక్కుంటూ వచ్చిన మనిషి ఆమె.

"మార్చి చివరి ఆదివారం ఆఖరి పందెం. ఆ తర్వాత మంచు కార్ల బరువు ఆపదు. ఆ రోజు నువ్వు గట్టులో కాకుండా దారి మీద కనబడితే మాట్లాడుకుందాం. లేదంటే ఇంకొకరిని చూసుకుంటాను. తప్పుగా అనుకోకు."

"అనుకోనండీ," అంది సైలా.

అప్పట్నుంచి ఆమెకు కాలు నిలిచింది లేదు. మిల్లు గేటు దగ్గర కలప లారీలను కాటా మీద తూచే పని ఆమెది, తొమ్మిదేళ్లుగా. లారీ కాటా ఎక్కుతుంటే ఆమె కుడికాలు బల్లకింద బ్రేకు నొక్కేది. అంకె రాయాల్సిన చోట మలుపు గీసేది. అన్నం దగ్గర కూర్చుంటే రెండు ముద్దలకే లేచేది. ఈ అవకాశం జారితే ఇంకో తొమ్మిదేళ్లూ ఈ కాటాగది కిటికీ వెనకే గడిచిపోతాయని ఆమెకు తెలుసు. అందుకే మరింత ఆడింది, మరింత నొక్కింది.

పందెం ఇంకా అయిదు రోజులుందనగా, మంగళవారం సాయంత్రం, మూడో మలుపులో ఆమె కారు వెనకభాగం పక్కకు కొట్టుకుపోయింది. ఇల్లు కట్టెల కొట్టం వైపు వాలింది. బొటనవేలు మీట నొక్కింది. తెర మీద కారు మొదటి గీత దగ్గరికి వచ్చేసింది. ఇల్లు రాలేదు.

మళ్లీ నొక్కింది. ఇరవైసార్లు నొక్కింది. కంప్యూటర్ ఆపి మళ్లీ పెట్టింది. తప్పు లేకుండా ఒక పందెం మొత్తం పూర్తి చేసింది. ఇల్లు ఒక్క మలుపుకీ స్పందించలేదు, జారిన చోటే జారినట్టు ఉండిపోయింది. వాలడమొకటే కాదు, కాస్త తిరిగింది కూడా. వాకిలి తెరిస్తే మెట్లు ఒక జానెడు పక్కకున్నాయి.

కౌకో వచ్చి, మట్టం పెట్టి చూసి, "పదకొండు డిగ్రీలు," అన్నాడు. బల్లకాళ్ల కింద పెట్టడానికి నాలుగు చెక్కదిమ్మలు కోసుకొచ్చాడు. "పొయ్యికి వద్దులే కౌకో. గిన్నె సగం వరకే పోస్తే సరిపోతుంది," అంది హిల్యా.

సైలా ముందుగదిలో అటూ ఇటూ, అంటే ఎత్తుకీ పల్లానికీ, తిరుగుతూనే ఉంది.

"ఎందుకు లేవట్లేదురా ఇది? రేపు ఎలా సాధన చెయ్యాలి?"

ఒట్సో జారకుండా సోఫా చేతిని కాలితో తన్నిపట్టి ఆడుతున్నాడు. తల తిప్పలేదు. "నువ్వు మధ్యలో వదిలేశావక్కా. అది ఇంకా మలుపులోనే ఉంది."

"తప్పు జరిగితే మొదట్నుంచి మొదలుపెట్టడం తప్పా?"

"నాకేం తెలుసు. నాకు గోడ తగిలితే గోడకే సిగ్గు. నేను పోతూనే ఉంటా." చేతిలో ఉన్న కంట్రోలర్ ఆమెకు అందించాడు. "ఇదిగో, ఆడు. ఒక షరతు. ఏమైనా సరే చివరిదాకా పోవాలి."

సైలా ఆడింది. మొదటి నిమిషంలోనే చెట్టును గుద్దింది, వంతెన మీంచి పడింది, వెనక్కి తిరిగి ఎదురు దారిలో పోయింది. ప్రతిసారీ బొటనవేలు దురద పెట్టింది. "పో అక్కా, పో, ఎవరూ చూడట్లేదు," అన్నాడు ఒట్సో. "నేను చూస్తున్నా," అంది వంటింట్లోంచి అమ్మమ్మ. తొమ్మిది కార్లలో తొమ్మిదోదిగా సైలా గీత దాటింది. అన్ని తప్పులు మూటగట్టుకుని కూడా గీత దాటడం ఆమెకు అదే మొదలు. తప్పు చేశాక దారి ఎలా ఉంటుందో అప్పటిదాకా ఆమె చూసిందే లేదు. అన్నేళ్లుగా ఎంతో నిజమైన ఆట ఆడింది, అందులో ఆ ఒక్క భాగం తప్ప.

బుధవారం, గురువారం అలాగే గడిచాయి. నిద్రలో మంచం మీంచి గోడకు ఆనుకోవడం అలవాటైంది. రై ధాన్యపు పిండి అద్దిన చిన్నచేపలు వేయిస్తుంటే వెన్న పెనంలో ఒక అంచుకే చేరేది. పెనం తనంతట తాను పల్లానికి జారబోతే, సైలా చేయి కాస్త ఎదురుగా వంచి ఊరుకునేది. గట్టిగా పట్టుకుంటే వెన్న ఒలుకుతుంది, వదిలేస్తే పెనమే పోతుంది. శుక్రవారానికి ఆమె అది చేస్తున్నట్టు కూడా గమనించలేదు. శనివారం ముగ్గురూ ఒడ్డునున్న సౌనా గదికి పోయి ఆవిరి పట్టుకున్నారు. ఆ గది ఎప్పటిలా సమంగానే ఉంది, కానీ బల్ల ఎక్కబోయి హిల్యా తూలింది.

"ఇదేమిటే, ఈ నేల వంకరగా ఉంది."

"మనమే వంకరగా ఉన్నాం అమ్మమ్మా," అన్నాడు ఒట్సో.

ఆదివారం మధ్యాహ్నం సరస్సు మీద ఎండ తెల్లగా కాసింది. మంచు పైపొర అప్పటికే మెత్తబడి నీళ్లూరుతోంది. అలాంటి మంచు మీద ఎవరి లెక్కలూ పనిచేయవు. హిల్యా సూపు పెట్టుకుని ఇంట్లోనే ఉండిపోయింది. ఒట్సో మంచులో పట్టు కోసం టైర్లకు కొట్టిన మేకులు ఒక్కొక్కటే తడిమి చూసి, అక్క హెల్మెట్ మీద ఒకటి తట్టి పక్కకు తప్పుకున్నాడు.

ఆరు కార్లు. మొదటి రెండు చుట్లు సైలా రెండో స్థానంలో నడిచింది. మూడో చుట్టులో పొడుగు ఎడమ మలుపు దగ్గర, తడి మంచు మీద, కారు వెనకభాగం పక్కకు కొట్టుకుపోయింది. గట్టు ముందు అద్దంలో అడ్డంగా పెరిగింది. అద్దంలోంచి ఒడ్డు ఏటవాలుగా కనబడింది, వంటింటి కిటికీలోంచి అయిదు రోజులుగా కనబడుతున్నట్టే. ఆమె కంటికి అందులో తప్పేమీ తోచలేదు. పొయ్యి ముందు నిలబడ్డట్టుంది. బొటనవేలు ఉన్నచోటే ఉంది. చేతులు కాస్త ఎదురుగా వంచి ఊరుకున్నాయి. కాలు బ్రేకు మీదికి పోలేదు. కారు గట్టును ఒరుసుకుంటూ, మంచుపొడి లేపుకుంటూ చాలాసేపు జారి, జారి, మెల్లగా తిన్నగా అయింది. ఈలోపు ఇద్దరు దాటిపోయారు. సైలా పోతూనే ఉంది.

నాలుగోదిగా గీత దాటి ఆమె కారు దిగేసరికి ఒట్సో ఫోనులో మాట్లాడుతున్నాడు.

"అమ్మమ్మ. ఇల్లు లేచిందట. మెల్లగా లేచింది, కుదుపు లేదు అంటోంది. సూపు చుక్క కూడా ఒలకలేదట."

"ఎప్పుడు?"

"ఇందాక, నువ్వు ఆ మలుపులో ఉండగానే. దిమ్మలు తీయడానికి కౌకో మావయ్యని రమ్మంటోంది, బల్ల వాలిపోయిందట."

సైలా హెల్మెట్ విప్పుతుంటే రౌహా పెన్నానెన్ మంచులో అడుగులు జాగ్రత్తగా వేసుకుంటూ వచ్చింది. గెలిచినవాడి వైపు ఆమె చూడను కూడా లేదు.

"బూట్ల కొలత ఎంత?"

"ముప్ఫై తొమ్మిదండీ."

రౌహా చేతితొడుగు పళ్లతో లాగి, అరచేతిలో పెన్నుతో రాసుకుంది.

"సాక్సులు మందమైనవా, పల్చనివా?"

"పల్చనివే."

"మంచిది. కాలికి పెడల్ తెలియాలి. మే నెలలో మట్టిరోడ్ల మీద మొదలుపెడతాం," అని తొడుగు మళ్లీ వేసుకుంది. "అక్కడ ఇంతకంటే ఎక్కువ జారుతుంది."