తొక్కి చూశానంతే

నీళ్లలో ముంచిన ట్యూబు నుంచి ఒక బుడగ పైకొచ్చింది.

ఆవగింజంత.

అదిగో... చిల్లు అక్కడ.

వీధంతా చక్రం మామ అని పిలిచే అతను, ఈ సైకిలు కొట్టు పెట్టినప్పటి నుంచీ చూస్తున్నదే. అయినా ప్రతిసారీ అబ్బురమే. కంటికి ఆనని చిల్లు తన జాడ తానే చెప్పేస్తుంది.

ఒంట్లో సంగతి మాత్రం రక్తం చెప్పింది. ప్రోస్టేట్ గ్రంథిలో క్యాన్సర్.

కొన్ని వారాలు రోజూ ఆసుపత్రికి వెళ్లి పెద్ద యంత్రం కింద పడుకున్నాడు. కత్తి లేదు, కుట్టు లేదు. ఏదో కిరణమట — లోపలికి వెళ్లి, తన పని తాను చేసుకుని పోయేది. చొక్కా గుండీ కూడా కదిలేది కాదు! తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

అప్పటి నుంచి కొన్ని నెలలకోసారి రక్తపరీక్ష. అందులో వచ్చే అంకె అడుగున ఉంటే సాఫీ. పైకెక్కితే అది మళ్లీ...

ఆ మాట ఇంట్లో ఎవరూ పూర్తి చేయరు.

ఈసారి అంకె ఎక్కింది.

"రక్తం ఇచ్చే ముందు రెండు రోజులు సైకిలెక్కొద్దన్నానా లేదా?" అంది డాక్టరమ్మ. సీటు ఒత్తిడికి కూడా అంకె పెరగొచ్చట.

"ఎక్కలేదమ్మా," అన్నాడు ఒట్టేసినంత ధీమాగా. "బాగుచేసినవి సరిగ్గా నడుస్తున్నాయో లేదో తొక్కి చూశానంతే."

డాక్టరమ్మ నవ్వాపుకోలేకపోయింది. పక్కనున్న భార్య తల పట్టుకుంది.

తర్వాత నవ్వు ఆగింది.

"దానివల్లే కావచ్చు. కాకపోనూవచ్చు. కొన్నాళ్లాగి మళ్లీ చూద్దాం."

కావచ్చు... కాకపోవచ్చు... ఆ రెండు మాటల నడుమే తిన్నాడు, పడుకున్నాడు, చక్రాలు బిగించాడు.

భార్య కొట్టు ముందు స్టూలేసుకుని కాపలా కూర్చుంది. "పెడలు మీద కాలు పడిందో, ఊరుకోను చెప్తున్నా!"

ఆ అంకె తలుచుకుంటే భయమేసింది. బాగా భయమేసింది.

కానీ ఏం వింతో — ఆ భయంలోనే లోకం కొత్తగా కనబడింది. తిప్పి వదిలిన చక్రంలో స్పోకులన్నీ కరిగి వెలుగైపోయాయి. ఎప్పుడూ అంతే కదా! ఇన్నాళ్లూ తను చూసిందేమిటి మరి?

మణికట్టు మీద, గ్రీజు మరక కింద, నాడి కొట్టుకుంటోంది.

ఎవరూ తొక్కకుండానే.

ఇన్నేళ్లుగా, ఒక్క పూట సెలవడగకుండా. అతనికి ఎవరికో దణ్ణం పెట్టాలనిపించింది. ఎవరికో తెలియలేదు.

మళ్లీ రక్తం ఇచ్చాడు. సాయంత్రం ఫోన్ చేసి చెబుతామన్నారు.

పొద్దువాలుతుండగా కొట్టు మూశాడు. "ఇక ఎక్కొచ్చుగా?" అన్నాడు సైకిలు పట్టుకుని.

"ఎక్కండి. నేనూ వస్తా."

పెళ్లయిన కొత్తలో లాగే వెనక క్యారియర్ మీద కూర్చుంది. వీధి కదిలింది. గోడలు కదిలాయి. చెట్ల నీడలు వాళ్ల మీదుగా పరుగెత్తాయి... ఒంటికి ఇంత గాలి తగులుతుందని ఎలా మరిచిపోయాడు?

పల్లం మొదలయ్యే చోట, జేబులో ఫోన్ మోగింది.

బ్రేకు మీద వేళ్లు బిగిశాయి.

"ఆ మలుపు దాకా పోనివ్వండి," అంది ఆమె మెల్లగా. ఆమె పిడికిట్లో అతని చొక్కా నలిగిపోతోంది.

ఫోన్ మోగుతూనే ఉంది.

అతను బ్రేకు వదిలాడు —