నాలుగో వైపు

తమ్ముడు పంపిన పాటల రికార్డులు రెండూ చేతికి రాగానే అక్క మొదట చేసిన పని ఎర్ర సిరా పెన్ను తీయడం. ఆమె ప్రెస్సులో ప్రూఫ్ రీడరు. మందు డబ్బాలో ఉండే కాగితంలో తప్పు కనబడినా సరే, దాన్ని దిద్దందే మాత్ర మింగని మనిషి. మొదటి రికార్డుకు ఒక వైపు ఒకటి అనీ, వెనక వైపు నాలుగు అనీ అచ్చయి ఉంది. రెండో రికార్డుకు రెండు, మూడు.

"ఒకటి వెనక నాలుగేమిట్రా, నీ మొహం! ఒక్క పని తిన్నగా చేసి చావడు," అని నాలుగు కొట్టేసి రెండు వేసింది. మిగతావి కూడా వరసగా దిద్దేసింది.

ఆ తమ్ముణ్ణి ఇంట్లో అందరూ దరువు అంటారు. బల్ల దొరికితే బల్ల, కంచం దొరికితే కంచం వాయించేస్తాడు. అక్క కాళ్లావేళ్లా పడి ప్రెస్సులో పని ఇప్పిస్తే, మిషను చప్పుడుకు తాళం వేస్తూ ఒళ్లు మరచి సగం పుస్తకం తలకిందులుగా అచ్చు వేయించాడు. ఉద్యోగం ఊడింది. ఆ సాయంత్రమే అక్క "మళ్లీ ఈ గుమ్మం తొక్కకు" అని వాడి మొహం మీదే తలుపు మూసి గడియ వేసింది. రెండేళ్లు దాటిపోయాయి. ఇప్పుడు వాడో బ్యాండు పెట్టి, మొదలూ చివరా ఉన్న కథ మొత్తాన్నీ పాటలతోనే నడిపించాడు. దాన్ని రాక్ ఒపెరా అంటారట. దాన్ని స్టేజీ మీద ఆడే రోజుకి ఒక టికెట్టు కూడా రికార్డులతో పాటు పంపాడు.

టికెట్టు చూసి ఆమెకు ప్రాణం లేచొచ్చింది. పైకి మాత్రం "చూద్దాంలే" అంది.

భర్త డ్రాయింగు మాస్టారు. ఆయన ముచ్చటపడి కొనుక్కున్న కొత్త ప్లేయరు మీద పెట్టుకుని ఇద్దరూ విన్నారు. మొదటి వైపు ఆమెకు తెలిసిన కథే. ఒక కుర్రాడు, ఒక అక్క, ఒక గడియ. రికార్డు తిప్పి వేస్తే కుర్రాడు తిరిగొస్తాడు. భయంభయంగా తలుపు తోస్తే అది తెరుచుకుంటుంది. ఆ అక్క అసలు గడియే వేయలేదు. అక్కడ ఆమె కళ్లు తుడుచుకుంది. రెండో రికార్డు వేస్తే కుర్రాడు వానలో తిరుగుతున్నాడు, స్టేషన్లో పడుకుంటున్నాడు.

"ఇదేమిటి, ఇంటికొచ్చాడు కదా? మళ్లీ ఎప్పుడు పోయాడు?" అన్నాడు మాస్టారు.

"నాకేం తెలుసు? మీ బామ్మర్దినే అడగండి."

"ఇది వేరే కుర్రాడేమో?"

"గొంతు వాడిదేనండీ!"

ఆఖరి వైపున డ్రమ్ములు విరుచుకుపడ్డాయి. వాటి మీద తమ్ముడి కేక. నాకు అక్క లేదు, నాకు ఇల్లు లేదు. ఆ తర్వాత సూది గరగర, అంతే.

ఆమెకు బుర్ర తిరిగిపోయింది. మళ్లీ విన్నా అదే కథ. గడియ వేసిన అక్క మీద కోపమంటే అర్థముంది. తలుపు తీసిపెట్టిన అక్కేం పాపం చేసింది? చివరి మాటే అసలు మాట అని ఆమె లెక్క. టికెట్టు తపాలాలో తిప్పి పంపేసింది. పంపిన దగ్గర్నుంచి తిండి సయించలేదు.

ఆట ఆడే రోజు రానే వచ్చింది. ప్రెస్సులో ఆమె బల్ల మీదికి నాలుగు పేజీల కరపత్రం ఒకటి వచ్చింది. ఇంకా మడవని షీటు. ఒక వైపు ఒకటో పేజీ, దాని పక్కనే నాలుగో పేజీ. తిప్పితే రెండు, మూడు. రోజూ చూసేదే. మడిస్తే వరస కుదురుతుందని తెలుసు గనక అలాంటిదాన్ని ఆమె ఏనాడూ దిద్దలేదు. ఎర్ర పెన్ను గాల్లోనే ఆగిపోయింది. ఒకటి, నాలుగు. రెండు, మూడు.

"నా బుద్ధి గడ్డి తింది!" అంటూ లేచింది.

సగం పూట సెలవు పెట్టి ఇంటికి పరుగెత్తి, ఇంట్లోనే ఉన్న మాస్టారి చేత అటక మీంచి నాన్న పాత ప్లేయరు దింపించింది. అక్కాతమ్ముళ్లిద్దరూ దాని ముందే పెరిగారు. రెండు రికార్డులు ఒకదాని మీద ఒకటి దాని కడ్డీకి తగిలిస్తే, మొదటిది పాడాక రెండోది టప్పుమని దాని మీద పడి పాడుతుంది. తర్వాత రెండింటినీ కలిపి బోర్లించి మళ్లీ తగిలిస్తే మూడు, నాలుగు వైపులు పాడతాయి. అందుకే ఒకటి వెనక నాలుగు. ఈ రోజుల్లో అలా ఎవరూ అచ్చు వేయించరు. అక్క ఇంకా ఆ ప్లేయరు మీదే వింటుందనుకుని తమ్ముడు అలా వేయించాడు.

ఈసారి వరసగా విన్నది. తలుపు మూసుకుంది. వాన కురిసింది. నాకు అక్క లేదన్నాడు. టప్పుమని నాలుగో వైపు పడింది. కుర్రాడు తలుపు తోశాడు, తెరుచుకుంది. కథ అయిపోయింది.

వెంటనే తమ్ముడికి ఫోను చేసింది.

"అక్కా? టికెట్టు తిరిగొచ్చేసింది," అన్నాడు వాడు పొడిగా.

"తప్పు వరసలో విన్నాన్రా. నువ్వు ఇంటికొచ్చి, మళ్లీ నన్ను కాదని పోయావనుకున్నా. అయినా నేను గడియ వేశాను కదరా. వేయలేదని రాశావేం?"

అటు నుంచి దేని మీదో వేళ్ల దరువు వినబడింది.

"వేసిందని రాస్తే కథ ముగిసేది కాదక్కా. ఎంత తన్నుకున్నా వానలోనే ఉండిపోయేవాణ్ణి."

ఆమె గడియారం చూసింది. "ఇప్పుడు రావచ్చా?"

"గేటు దగ్గరే ఉంటా, రా."

చెప్పులు వేసుకుని గుమ్మం దిగుతుంటే, జలుబుతో ముక్కు చీదుకుంటూ మాస్టారు వెనక నుంచి అడిగాడు.

"ఆలస్యమవుతుందేమో, గడియ వేసుకోనా?"

"వేయకండి," అంది ఆమె. "వాణ్ణి వెంటబెట్టుకొస్తాను."