లెక్కలోకి రాని గోడ

ఇళ్లకు ప్లాన్లు గీసే మామగారికి అరిగిపోయిన జోకు ఒకటుంది. "బిల్డింగుని మోసేవి పిల్లర్లు. మధ్యలో ఇటుక గోడ ఇల్లరికపుటల్లుడి లాంటిది. బరువే గాని ఆసరా కాదు." ఇల్లరికపుటల్లుడు పక్కనే కూర్చుని అన్నం తింటుండగానే ఆ మాట అనేవారు. అల్లుడు తల వంచుకుని నవ్వేవాడు.

ఆ అల్లుడికి ఆ ఇంటి కింది అంతస్తులోనే కుట్టుమిషన్లు బాగుచేసే షాపు ఉంది. దాని గోడలు కొట్టించి కార్లకు చోటు చెయ్యమని మామగారు ఒకటే పోరు. ఎదురు మేడ ఆయన గీసిందే. దాని కింద గోడ అన్నదే లేదు, అంతా కార్లే.

ఈ ఉదయం భూమి కంపించింది. జనమంతా రోడ్డు మీదికి పరుగెత్తారు. ఎదురు మేడ పై అంతస్తులు గోడలతో బిగుసుకుని ఒకే పెట్టెలా ఊగాయి. ఆ ఊపంతా కింద ఒంటరిగా నిలబడ్డ పిల్లర్ల మీద పడడంతో అవి వంగిపోయాయి. ఇటు షాపు గోడలు ఆ ఊపును పిల్లర్లతో పంచుకుని, మూల నుంచి మూలకు పగిలాయి. ఇల్లు నిలబడింది.

మామగారు షాపులోకి వచ్చి ఆ పగుళ్లు చూశారు. ఆయన లెక్కల్లో ఏనాడూ గోడ బరువే తప్ప బలం లేదు.

అల్లుడు పెచ్చులు ఊడుస్తున్నాడు. "మీరు చెప్పిందే నిజం మామయ్యగారూ, ఈ గోడలు ఎందుకూ పనికిరాలేదు. కొట్టించేసి కార్లకే వదిలేద్దాం."

"గోడల జోలికి వెళ్లకు," అన్నారు మామగారు. అల్లుడి మొహం చూడలేక, గోడ వైపు తిరిగి అన్నారు.